తెలిసే వెళ్లారు కదా!

రేసు ట్రాక్ పక్కన నిలబడ్డవాడి మీదికి కారు దూసుకొచ్చినా, ఎయిర్ షో చూస్తున్న జనం మీద విమానం కూలినా, మర్నాటికల్లా ఒక మాట సిద్ధంగా ఉంటుంది. "తెలిసే వెళ్లారు కదా!" చదువుకున్నవాళ్లు దీన్నే కాస్త మర్యాదగా "రిస్క్ లేకపోతే థ్రిల్ ఎక్కడిది?" అంటారు. ఈ మాటలో నిజం లేదనను. కానీ అది పావలా నిజం. దాన్ని రూపాయిగా చెలామణీ చేస్తున్నారనే నా గొడవ.

ఈ పావలాకి కోర్టు ముద్ర కూడా ఉంది. 1930లలో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ఒక కారు కంచె దాటి జనంలో పడింది. ఇద్దరు ప్రేక్షకులు చనిపోయారు. కేసు అప్పీలుకి వెళ్లింది. ఇలాంటి ఆటలో ఉండే ప్రమాదాన్ని ప్రేక్షకుడు తనంతట తనే ఒప్పుకున్నట్టు లెక్క, క్లబ్బుది తప్పు కాదు అని తీర్పొచ్చింది. టికెట్ కొనడమే సంతకం పెట్టడమన్నమాట.

సరే, సంతకమే అనుకుందాం. కానీ దేనిమీద పెట్టాడు? 2011 సెప్టెంబర్ 16న అమెరికాలో రెనో ఎయిర్ రేసుల్లో ఒక పాత యుద్ధ విమానం బాక్సు సీట్ల దగ్గర నేలకూలింది. పైలట్‌తోపాటు పదిమంది ప్రేక్షకులు పోయారు, అరవైమందికి పైగా గాయపడ్డారు. కారణం వెతికితే, తోక దగ్గర ఒక చిన్న పలకని బిగించే నట్ల దాకా వెళ్లింది. అవి పాతబడి పట్టు వదిలాయి. వేగం కోసం విమానానికి చేసిన మార్పుల్ని కూడా సరిగ్గా పరీక్షించలేదు. కుర్చీలో కూచుని పల్లీలు తింటున్న మనిషి ఆ నట్ల వయసు తెలుసుకుని ఒప్పుకున్నాడా? పైలట్‌కి తన విమానం తెలుసు, పందెం తెలుసు. ప్రేక్షకుడికి తెలిసింది తన సీటు నంబరు మాత్రమే.

1955లో ల మాన్ రేసులో కారు ముక్కలు స్టాండ్ల మీదికి ఎగిరిపడి ఎనభైమందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. కార్ల వేగం ఎన్నో రెట్లు పెరిగినా, పిట్‌ల దగ్గర ట్రాక్ మాత్రం పాత ఇరుకులోనే ఉండిపోయింది. ఆ తర్వాత స్టాండ్లనీ పిట్‌లనీ మళ్లీ కట్టారు. అంటే "ఆటలో ఇవన్నీ మామూలే" అన్నవాటిలో చాలా భాగం మామూలు కాదు. ముందే చేయగలిగీ చేయని పని.

ఇక అసలు టికెట్టే కొననివాళ్ల సంగతి. 2015లో ఇంగ్లండ్‌లోని షోరమ్ ఎయిర్ షోలో చనిపోయిన పదకొండు మందీ మైదానం బయట, రోడ్డు మీద ఉన్నవాళ్లే. మన దగ్గర 2010 మార్చి 3న బేగంపేట ఎయిర్ షోలో నేవీ విన్యాసాల విమానం బోయినపల్లి ఇళ్ల మధ్య కూలింది. అందులోని ఇద్దరు అధికారులూ చనిపోయారు, కింద ఉన్నవాళ్లు గాయపడ్డారు. తమ ఇంటి కప్పు కూడా గ్యాలరీలో భాగమేనని వాళ్లకి ఎవరు చెప్పారు?

నేనీ మాటని బంట్వారం దాకా తీసుకెళ్లి పరీక్షిస్తాను. 2019 అక్టోబర్ 6న వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలింది. అందులో ఉన్న ఇద్దరు ట్రైనీలూ చనిపోయారు. అది రేసూ కాదు, షో కూడా కాదు. అందుకే చెబుతున్నా. పత్తీ కందీ పండించుకునే ఊరి ఆకాశం ఎవరికో నేర్చుకునే చోటు. ఆ గంటకి ఆ చేలో కలుపు తీసేవాళ్లు ఉండుంటే "తెలిసే వెళ్లారు కదా" అని వాళ్లనీ అంటామా? సొంత చేనుకి వెళ్లడం ఏ పందేనికి ఒప్పుకోవడం?

సరిగ్గా ఐదేళ్లకి, 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనాలో ఎయిర్ షో జరిగింది. ఏ విమానమూ కూలలేదు. అయినా ఐదుగురు పోయారు. ఎండ, దాహం, కదల్లేని రద్దీ. గొడుగూ నీళ్లూ తెచ్చుకోమని ముందే చెప్పాం కదా అన్న సమాధానం వచ్చింది. ఎండలో చావడం కూడా థ్రిల్ ఖాతాలోనే రాసేశారు.

మనకి చేతకాదా అంటే, అదీ కాదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగినప్పుడు కాంక్రీటు గోడలూ, ముక్కలు ఎగిరి రాకుండా ఎత్తైన కంచెలూ కట్టారు. అయినా ప్రాక్టీసుకి ముందు మామూలు బండ్లు ట్రాక్ మీదికి వచ్చేశాయి. గోడ కట్టడం ఒక పని, గేటు దగ్గర మనిషిని నిలబెట్టడం ఇంకో పని. అనంతగిరి మలుపుల్లో బైకుల మీద వీకెండ్ వీరత్వం చూపించేచోట ఈ రెండూ లేవు. అక్కడ ప్రేక్షకులంటే మక్కలు కాల్చి అమ్మే అమ్మా, తాండూరు బస్సు కోసం నిలబడ్డ ముసలాయనా.

నేను నిషేధం అడగట్లేదు. వేగంలో అందం ఉంది, ఒప్పుకుంటాను. ప్రాణాలకి తెగించే హక్కు కూడా ఉంది, ఎవరి ప్రాణానికి వాళ్లు. నేనడిగేది, షో పెట్టేవాళ్లు టికెట్ అమ్మేముందే బహిరంగంగా చెప్పాలని. జనానికీ ట్రాక్‌కీ మధ్య ఎంత దూరం ఉంచారు? విమానం ఏ ఇళ్ల మీదుగా వెళ్తుంది? నీళ్లు ఎక్కడ, బయటికి దారి ఎటు? తేడా వస్తే షో ఆపేసే అధికారం ఎవరిది? ఆ మనిషి జీతం నిర్వాహకుల చేతిలో ఉండకూడదు. బయట ఉన్నవాడికి దెబ్బ తగిలితే పరిహారం ఎవరిస్తారన్నది కూడా ముందే రాసుండాలి.

ఇవి చెప్పాక కూడా ఎవరైనా వెళ్లి నిలబడితే, అప్పుడు అనండి తెలిసే వెళ్లాడని. అప్పటిదాకా ఆ మాట ప్రేక్షకుడి ధైర్యానికి మెచ్చుకోలు కాదు, నిర్వాహకుడు ముందుగానే రాసి పెట్టుకున్న క్లీన్ చిట్.