కీమో కావాలా, వద్దా? జవాబు రిపోర్టులో ఉంది

రొమ్ములో గడ్డ తొలిదశలోనే దొరికింది. ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు మానుతున్నాయి. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే సమయానికి డాక్టరు గారు కీమో మాట ఎత్తుతారు. ఇక ఇంట్లో మళ్లీ మొదలు. గడ్డే తీసేశాక మందెందుకని ఒకరు, కీమో ఎక్కిస్తే మనిషి తట్టుకోలేదని ఇంకొకరు, ఎంత ఖర్చయినా ఎక్కించాల్సిందేనని పైఊరి నుంచి ఫోన్లో మరొకరు. ముమ్మిడివరంలోనైనా, హైదరాబాద్‌లోనైనా ఇదే తంతు. అందరూ మాట్లాడతారు. ఆ మందు ఎవరి ఒంట్లోకి ఎక్కాలో ఆవిడ మాత్రం మాట్లాడదు.

మన దేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినట్లు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. అవగాహన, పరీక్షలు పెరిగేకొద్దీ తొలిదశలో బయటపడేవీ పెరుగుతాయి. అంటే ఈ ప్రశ్న ఎదురయ్యే ఇళ్లూ పెరుగుతాయి. దీనికి మన సమాజంలో రెండు సిద్ధమైన జవాబులున్నాయి. ‘కీమో అంటే మనిషి దక్కదు’ అన్నది ఒకటి. ‘క్యాన్సర్ అన్నాక కీమో తప్పదు’ అన్నది రెండోది. రెండూ తప్పే. మొదటిది నమ్మి ప్రాణం పోగొట్టుకున్నవారున్నారు. రెండోది నమ్మి అవసరం లేని బాధ పడ్డవారున్నారు.

గడ్డ తీసేశాక మందెందుకు?

చేలో కలుపు పీకేసినా, అప్పటికే రాలిన గింజ మట్టిలో ఉండిపోతుంది. అదను చూసి మళ్లీ మొలుస్తుంది. రొమ్ము క్యాన్సర్ కణాలూ అంతే. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే కొన్ని కణాలు రక్తంలోకి, చంకలోని లింఫ్ గ్రంథుల్లోకి జారిపోయి ఉండొచ్చు. అవి స్కానింగ్‌కు కనిపించవు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమో వాటికోసమే. ఇటలీలోని మిలాన్‌లో బోనడోనా బృందం 1976లో ప్రకటించిన అధ్యయనం ఈ విషయంలో మలుపు. చంక గ్రంథులకు జబ్బు పాకిన మహిళల్లో, ఆపరేషన్‌తో సరిపెట్టిన వారిలో 24 శాతం మందికి రెండేళ్లు దాటేసరికి జబ్బు తిరగబెట్టింది. మూడు మందుల కీమో కూడా తీసుకున్నవారిలో అది 5.3 శాతం.

ఆ మూడు మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ వెనుక మన గోదావరి బిడ్డ ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే ఈ తరహా మందులను తయారు చేసింది. కీమోను పరాయి విషంగా చూసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఒకే సైజు గడ్డ, రెండు దారులు

ఒకే వీధిలో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ రెండు సెంటీమీటర్ల గడ్డే. ఇద్దరికీ చంక గ్రంథుల్లో జబ్బు లేదు. ఒకరికి డాక్టర్లు కీమో తప్పదన్నారు. రెండో ఆవిడకు రోజుకో మాత్ర చాలన్నారు. ‘మా డాక్టరు గారు మంచివారు, మీ డాక్టరు గారు డబ్బు మనిషి’ అని వీధిలో తీర్పు వచ్చేస్తుంది. నిజానికి ఇద్దరు డాక్టర్లూ సరిగానే చెప్పి ఉండొచ్చు. తేడా గడ్డ స్వభావంలో ఉంది.

బయాప్సీ ముక్క మీద చేసే పరీక్షల్లో మూడు ముఖ్యం: ఈఆర్, పీఆర్, హెర్2. మొదటి రెండూ ఆ క్యాన్సర్ స్త్రీ హార్మోన్ల మీద ఆధారపడి పెరుగుతోందా అన్నది చెబుతాయి. అవి పాజిటివ్ అయి, హెర్2 నెగటివ్ అయితే టామాక్సిఫెన్, లెట్రోజోల్ వంటి మాత్రలే ప్రధాన చికిత్స. కీమో అదనంగా ఎంత మేలు చేస్తుందన్నది అప్పుడు చూడాలి. మూడూ నెగటివ్ అయితే ఈ మాత్రలు పనిచేయవు. గడ్డ ఒక సెంటీమీటరు దాటితే సాధారణంగా కీమో సూచిస్తారు. ఇంకాస్త పెద్దదైతే ఆపరేషన్‌కు ముందే మొదలుపెడతారు. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు, వాటికి తోడు కీమో. ఒకప్పుడు అందనంత ధరలో ఉన్న ఈ ఇంజెక్షన్లకు మన దేశంలోనే తయారైన బయోసిమిలర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. హెర్2 ఫలితం ‘2 ప్లస్’ అని వస్తే అది తేలనట్టే లెక్క. ఫిష్ పరీక్షతో తేల్చుకోవాలి.

మూడో వంతు అంటే ఎంత?

కీమో వల్ల రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది. వినడానికి ఇది ఒకే అంకె. కానీ అందరికీ ఒకే లాభం కాదు. ఒకావిడకు పదేళ్లలో ఈ జబ్బుతో ప్రాణం పోయే ముప్పు నూటికి 30 అనుకుందాం. కీమో దాన్ని 20కి తగ్గిస్తుంది. అలాంటి నూరుగురిలో పదిమంది బతుకుతారు. ఇంకొకరికి ఆ ముప్పు 6 మాత్రమే ఉంటే, అది 4కి తగ్గుతుంది. ఇద్దరికి మేలు జరగడానికి నూరుగురూ కీమో బాధ పడాలి. మొదటి ఆవిడ వద్దంటే తొందరపాటు. రెండో ఆవిడ ఆలోచించి వద్దంటే దాన్ని పిరికితనం అనలేం. అందుకే డాక్టరు గారిని ‘కీమో పనిచేస్తుందా?’ అని అడిగితే చాలదు. ‘మా ఆవిడ లాంటి నూరుగురిలో ఎంతమందికి అదనంగా మేలు?’ అని అడగాలి.

ఈ లెక్కను 2018లో వెలువడిన టెయిలర్‌ఎక్స్ అధ్యయనం మరింత స్పష్టం చేసింది. పదివేల మందికి పైగా మహిళలు పాల్గొన్నారు. అందరికీ హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగటివ్ క్యాన్సరే. చంక గ్రంథుల్లో జబ్బు లేదు. గడ్డలోని 21 జన్యువులను పరీక్షించి స్కోరు ఇచ్చారు. మధ్యస్థ స్కోరు వచ్చినవారిలో, తొమ్మిదేళ్ల తర్వాత క్యాన్సర్ లేకుండా బతికి ఉన్నవారు మాత్రలతో సరిపెట్టిన వర్గంలో 83.3 శాతం, కీమో కలిపిన వర్గంలో 84.3 శాతం. అంటే వీరిలో ఎక్కువమందికి కీమో అక్కరలేదు. 50 ఏళ్లలోపు వారిలో మాత్రం స్కోరు 16 దాటితే కొంత మేలు కనిపించింది. ఒకటి నుంచి మూడు గ్రంథులకు పాకినవారిపై 2021లో వచ్చిన ఆర్ఎక్స్‌పాండర్ అధ్యయనమూ ఇదే దారిలో ఉంది. స్కోరు 25 లోపు ఉండి, నెలసరి ఆగిపోయినవారికి కీమోతో అదనపు మేలు లేదు. ఆగనివారికి ఉంది.

ఈ విదేశీ జన్యు పరీక్షకు లక్షల్లో ఖర్చు. అంతకంటే తక్కువలో బెంగళూరులో రూపొందిన క్యాన్‌అసిస్ట్ బ్రెస్ట్ ఉంది. ఏదీ చేయించలేకపోతే నిర్ణయం ఆగిపోదు. గడ్డ సైజు, గ్రేడు, కేఐ-67, గ్రంథుల సంఖ్య, వయసు చూసి అనుభవం ఉన్న ఆంకాలజిస్టు చాలావరకు అంచనా వేయగలరు. మూడూ నెగటివ్ వారికి, హెర్2 పాజిటివ్ వారికి ఈ పరీక్షల అవసరమే లేదు. వారికి ఎవరైనా సూచిస్తే ఎందుకని అడగండి.

వంతెన దాటి వెళ్లాలి

కోనసీమ కుటుంబానికి ఇంకో లెక్క ఉంది, దూరం. ఎదుర్లంక–యానాం వంతెన వచ్చాక పంటు మీద గోదావరి దాటే బాధ తప్పింది. అయినా రెండు మూడు వారాలకోసారి, నాలుగు నుంచి ఎనిమిది విడతలు కాకినాడకో, రాజమండ్రికో, విశాఖకో తిరగాలి. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. వికారానికి ఇప్పుడు మంచి మందులున్నాయి. అసలు భయపడాల్సింది జ్వరానికి. తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో 100.4 డిగ్రీలు దాటితే అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిన జ్వరం. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనకూడదు. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలి అన్నది మొదటి సెలైన్ ఎక్కకముందే రాసి పెట్టుకోవాలి.

ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చులకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. దాని పరిధిలో లేనివారు తమ బీమా పాలసీలో డేకేర్ కీమోకు, ఇంట్లో వేసుకునే మాత్రలకు ఏం వర్తిస్తుందో ముందే అడగాలి. అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. కోనసీమకు దాని అవసరం ఎంతో ఉంది. అమలాపురంలోనే కీమో అందితే, దూరభారానికి మధ్యలో మానేసేవారు తగ్గుతారు. పథకం కింద ఆపరేషన్ జరిగిన ప్రతి మహిళకూ ఈఆర్, పీఆర్, హెర్2 రిపోర్టు చేతికివ్వడం, అది అర్థమయ్యేలా తెలుగులో చెప్పడం ఆసుపత్రుల బాధ్యత కావాలి.

తొందర వద్దు, జాప్యమూ వద్దు

క్యాన్సర్ అనగానే ఆ రోజే తేల్చేయాలన్న కంగారు వద్దు. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో కీమో మొదలుపెట్టడం మంచిది. మూడు నెలలు దాటితే నష్టం. ఈ మధ్యలో రిపోర్టులు పట్టుకుని ఇంకో ఆంకాలజిస్టును కలవడానికి వారం పది రోజులు పడితే ఫర్వాలేదు. మంచి డాక్టరు దానికి నొచ్చుకోరు. అడగాల్సినవి రాసుకుని వెళ్లండి: గడ్డ ఏ రకం? కీమో లేకపోతే ముప్పెంత, ఉంటే ఎంత? ఏ మందులు, ఎన్ని విడతలు? గుండెకు టూడీ ఎకో తీశారా? చేతులు కాళ్ల తిమ్మిర్లు ఉండిపోతాయా? పిల్లలు కావాలనుకునే వయసైతే అండాలు భద్రపరిచే వీలుందా?

కీమో వద్దనుకోవడం వేరు, చికిత్సే వద్దనుకోవడం వేరు. పసర్లు, కషాయాలు చాలనుకుని వైద్యం మానేసిన రొమ్ము క్యాన్సర్ రోగుల్లో మరణ ముప్పు ఐదు రెట్లకు పైగా ఉన్నట్లు అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. మాత్రలు చాలన్నవారు కూడా వాటిని ఐదేళ్లో, పదేళ్లో మానకుండా వేసుకుంటేనే ఆ లెక్కలు నిలుస్తాయి.

చివరి మాట ఇంట్లోని మగవారికి, పిల్లలకు. ‘‘ఆవిడకి చెప్పకండి, తట్టుకోలేదండి’’ అని డాక్టరు చెవిలో చెప్పే అలవాటు మానుకుందాం. కాన్పులు, కరువులు, తుఫాన్లు తట్టుకున్న మనిషి ఒక రిపోర్టు తట్టుకోగలదు. మేలు ఎంత, బాధ ఎంత అన్నది డాక్టరు చెప్పగలరు. నూటికి రెండు మెట్లు మేలు కోసం ఆరు నెలలు పడటం సమ్మతమా కాదా అన్నది మాత్రం ఆవిడే చెప్పాలి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరుకు ఎదురుగా ఉన్న కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టండి. ఫైలు కూడా ఆవిడ చేతికే ఇవ్వండి.