వేసవి పెరట్లో గంగవాయిలాకు
మదనపల్లె మార్కెట్‌లో 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటిన టమాటా, సెప్టెంబరుకల్లా రోడ్డు పాలైంది. ఆ జూదం రైతుకు తప్పదు, పెరటికెందుకు? పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది. దానికి బిందెలు బిందెలు పోస్తూ, అదే తడికి అడక్కుండా మొలిచిన గంగవాయిలాకును పీకి పారేస్తాం. నీళ్లు కరువైతే ఆ మొక్క పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చి నిలబడుతుంది. పుంగనూరైనా కుప్పమైనా గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు విత్తనం కొనకుండా దొరికేవే. కందిబేడలతో ఉడికించి ఎనిపితే రాగి సంగటికి అంతకు మించిన జోడీ లేదు. మందు కొట్టిన తోటల గట్లమీదివి, గుర్తుపట్టలేనివి మాత్రం ముట్టొద్దు. వేసవిలో విత్తనాల అంగడి మెట్లెక్కేముందు ఇంట్లో అవ్వనడగండి.