కాలినవారికి కట్టు

పాశమైలారము పారిశ్రామికవాడలో 2025 జూన్ 30వ తేదీన సిగాచి కర్మాగారమున జరిగిన ప్రేలుడును పాఠకులు మఱచియుండరు. 46 మంది మరణించిరి. మఱి 8 మంది యానవాలైనను దొరకలేదు. మృతుల లెక్కను లోకమంతయు విన్నది. కాలియు బ్రదికినవారి గతి యేమని యడిగిన వారెందఱు? మేము నేడు వ్రాయుచున్నది వారినిగూర్చియే.

కాలినచోట మందు పూసిన గాజుగుడ్డను కట్టి, దినదినము విప్పి మరల కట్టుట పాతపద్ధతి. విప్పినప్పుడెల్ల లేతచర్మము గుడ్డతో నూడివచ్చును. ఆ బాధ పడినవారికే తెలియును. బయోసింథటిక్ డ్రెస్సింగులనబడు కట్లు దీనిని చాలవఱకు తప్పించుచున్నవి. నైలాను అల్లికకు సిలికోను పొరను చేర్చి, జంతుచర్మమునుండి తీసిన కొల్లాజెనును పట్టించి చేసినది అందొక రకము. మనదేశమున ఆ తెగకు చేరువైన కొల్లాజెన్ రేకులు వాడుకలో నున్నవి. చెన్నపట్టణపు కేంద్ర చర్మపరిశోధనాలయమువారు ఇందు కృషి చేసిరి. శుభ్రపఱచిన గాయమునకు ఒకటిరెండు దినములలో నంటించినచో, క్రింద రోమమూలములనుండి క్రొత్తచర్మము పుట్టువఱకు అది యంటియుండి పిదప నూడిపోవును. జంతుసంబంధమైనది గావున రోగికి ముందే చెప్పి సమ్మతి గొనుట మర్యాద.

ఇది సర్వరోగనివారిణి కాదు. చర్మము పూర్తిలోతున కాలినచో స్వచర్మము నతుకవలసినదే. చీముపట్టిన గాయముపై కప్పినచో కీడే. కావున కాలహరణము పనికిరాదు. పాశమైలారమునుండి ఉస్మానియా వైద్యశాల 30 కిలోమీటర్లకు పైబడిన దూరము. అచ్చట 2021లో చర్మనిధి వెలసినందుకు మేము సంతసించితిమి. కాని నిప్పు పుట్టుచోటికి దగ్గఱనే కట్టును దొరకవలెను.

పటాన్‌చెరు ప్రభుత్వవైద్యశాలయందును, రామచంద్రాపురపు ఇ.ఎస్.ఐ. వైద్యశాలయందును ఈ కట్లు నిరంతరము నిలువయుండవలెను. కాలిన లోతును గుర్తింపనేర్చిన వైద్యుడు రాత్రింబవళ్ళు దొరకవలెను. కాలినవెంటనే 20 నిమిషములు చల్లని నీటిధార పట్టవలెనను మాటను తెలుగున, హిందీన, ఒడియాలో ప్రతి కర్మాగారపు గోడపైనను వ్రాయింపదగును. కట్టు వెల యెక్కువయని కోశాధికారు లందురేమో. బీహారునుండి, ఒడిశానుండి వచ్చిన కూలి ప్రతి కట్టుమార్పునకు పోగొట్టుకొను దినకూలిని వారా లెక్కలో చేర్చిరా?

కట్టు సిద్ధముగ నున్నదిగదా యని యజమానులు ధూళిని తుడువక, యంత్రములను పరీక్షింపక యుందురేని, దానినిగూర్చి వచ్చువారము వ్రాసెదము.