సంపాదకుని మాట: సూరత్‌లో తొలి చాప

సూరత్ స్టేషన్లో దిగిన తెలంగాణ నేతన్నకు మొదటి అడ్రసు చుట్టాల ఇల్లే. వరంగల్, నల్గొండ, కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలీలు లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డారు. కొత్తగా వచ్చిన కుర్రాడు బావ పక్కన నిలబడి కండె మార్చడం, తెగిన పోగు క్షణంలో ముడివేయడం నేర్చుకుంటాడు. పని చేతికొచ్చేదాకా అతను అందించే సాయమే తిండికీ చాపకూ బదులు. ఆ తర్వాతే మీటరు లెక్కన కూలి.

గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులది మరో పద్ధతి. మెస్ గదిలో పగటి షిఫ్టువాడు లేచిన చోటే రాత్రి షిఫ్టువాడు నడుం వాలుస్తాడు. పన్నెండేసి గంటల పని మరి!

కొత్తవాడికి చుట్టాలు చూపే ఈ ఆదరణ గొప్పది. కానీ చుట్టరికం మాటున జరిగే చాకిరీకి లెక్క ఉండాల్సిందే.

అయినా ఈ నేతన్నలు సూరత్‌ను వదల్లేదు. 1994 ప్లేగు భయానికి ఊళ్లకు పరుగెత్తినవారిలో చాలామంది మళ్లీ అక్కడికే వెళ్లారు. 2006 తాపీ నది వరదనూ తట్టుకున్నారు. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది.

సూరత్‌లో తొలి రాత్రి ఎవరింట పడుకున్నారో గుర్తున్న పాఠకులు పత్రికకు రాయండి.