బరువు కాదు, అరలు చూడండి

జొన్నాడ దగ్గర గౌతమిలో గాలం వేయడానికి గాలిపడవ కొనాలనుకుంటున్నారా? బ్యాగులో ఇమిడిపోయే రెండు కిలోల ప్యాక్‌రాఫ్ట్ చూస్తే మనసు లాగేస్తుంది, నిజమే. కానీ బరువొక్కటే చూసి డబ్బు కట్టేయకండి. బాగా తేలిక రకాల్లో చాలావాటికి గాలి నిండేది ఒకే గొట్టంలో. గాలానికి పడ్డ జెల్ల ముల్లు దిగిందా, మీరు నీళ్లలోనే! విడివిడి అరలున్నది ఓ కిలో ఎక్కువైనా అదే తీసుకోండి.

ఇంకోటి, తేలిక పడవను ఈదురుగాలి ఆకులా తోసేస్తుంది. ముందు ఊరి చెరువులో తెడ్డు వేసి అలవాటు చేసుకోండి. పైన ధవళేశ్వరంలో గేట్లెత్తి వరద వదులుతున్నారంటే ఆరోజు పడవ బయటికే తీయొద్దు. లైఫ్ జాకెట్‌కి డబ్బు చాల్లేదా? పడవ వచ్చే నెల కొనండి. అప్పటిదాకా గాలం గట్టు మీంచి వేయండి.