తుప్పుకు ఆగమం చాలదు, ఆదేశమే కావాలి



ఛందస్సు, వ్యాకరణం, నిఘంటువులు తప్ప మరొకటి ఎరుగని ఈ పంతులు ఇనుపరేకుల మీద టపా రాయడమేమిటని మీలో కొందరు నొసలు ముడివేయవచ్చు. కారణం ఉంది. ఓపిక పట్టి చదవవలసిందిగా ప్రార్థన.

గత వేసవిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట మూడు నెలలు గడిపాను. వాడు కంప్యూటరు ఉద్యోగి. నేను వెళ్లేసరికి వాడి గరాజులో 1970 నాటి షెవ్రొలే సి-10 పికప్ ట్రక్కు ఒకటి నాలుగు ఇనుప మొద్దుల మీద నిలిచి ఉంది. పికప్ ట్రక్కంటే ముందు ముగ్గురు కూర్చునే క్యాబిను, వెనుక సరుకు వేసుకునే తొట్టి. అక్కడి రైతులూ, వడ్రంగులూ, తాపీపనివారూ వాడుకునే బండి. 1967 నుంచి 1972 వరకు తయారైన నమూనా ఇది. అర్ధశతాబ్ది దాటిన ఈ బండిని తన చేతులతో బాగుచేయాలని మావాడి సంకల్పం.

దూరం నుంచి చూస్తే దానికి పెద్ద లోపమేమీ కనబడలేదు. నీలిరంగు నిగనిగలాడుతున్నది. "ఇంత బాగున్నదానికి ఇంకా చేసేదేముందిరా?" అన్నాను. వాడు నవ్వి, ఫ్రిజ్ తలుపుకు అంటించిన అయస్కాంతపు బొమ్మను మనుమడి చేతికిచ్చి, "తాతయ్యకు చూపించు" అన్నాడు. పిల్లవాడు దానిని బండి పొడవునా అంటిస్తూ పోయాడు. తలుపు మధ్యభాగంలో ఠక్కున అంటుకుంది. తలుపు కింది గడపపట్టీ దగ్గరా, క్యాబిను వెనుక మూలల్లోనూ జారి కింద పడింది. అక్కడ ఇనుము లేదు. పూర్వపు యజమాని ఎవరో పుట్టీ దట్టించి పైన రంగు కొట్టించారు. మావాడు ఉలితో పెచ్చు లేపితే పుట్టీ వెనుక ఇనుప వల, దాని వెనుక ముద్దైపోయిన వార్తాపత్రిక బయటపడ్డాయి. గుప్పెడు ఎర్రపొడి నేలరాలింది. అది ఒకనాటి గడపపట్టీ.

అక్కడి తుప్పుకు మూలం చలికాలం. రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. అది జనానికి మేలు. ఆ ఉప్పునీరే బండి కింది సందుల్లోకి చిమ్మి చేరుతుంది; అది ఇనుముకు కీడు. సముద్రపు గాలి సోకే మన కోస్తా ఊళ్లలో కిటికీ ఊచలు ఎందుకు త్వరగా చివుకుతాయో అక్కడ ట్రక్కులూ అందుకే చివుకుతాయి. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు. ఉప్పు ఆ క్రియను వేగిరపరుస్తుంది. అల్యూమినియం మీద ఏర్పడే పొర ఆ లోహాన్నే కాపాడుతుంది. ఇనుము మీది తుప్పు అలా కాదు. తాను పుట్టిన ఇనుము కంటె రెండింతల నుంచి ఆరింతల వరకు చోటు ఆక్రమించి, పొరలుగా ఉబ్బి, రాలి, కింది ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. పైగా ఈ బండ్లలో తుప్పు బయటినుంచి లోపలికి రాదు. ఎండుటాకులూ మట్టీ లోపల చేరి నీరు పోయే రంధ్రాలను మూసివేస్తాయి. నీరు అక్కడే నిలిచి లోపలినుంచి తింటుంది. రంగు మీద చిన్న బొబ్బ కనబడేనాటికి వెనుక రేకు సగం పోయి ఉంటుంది.

ఇక్కడే నాకు నా వ్యాకరణం గుర్తుకు వచ్చింది. ఆగమం మిత్రుని వంటిదనీ, ఆదేశం శత్రువు వంటిదనీ మా గురువులు చెప్పేవారు. 'పేద + ఆలు' పేదరాలు అయినప్పుడు మధ్యలో వచ్చిన రేఫ ఎవరినీ కదిలించక నడుమ చేరి కూర్చుంది. అది ఆగమం. 'వాడు + కొట్టె' వాడు గొట్టె అయినప్పుడు గకారం వచ్చి కకారాన్ని లేపివేసి దాని స్థానంలో తాను కూర్చుంది. అది ఆదేశం. తుప్పు పట్టిన రేకును ఉన్నచోటనే ఉంచి దానిమీద పుట్టీ మెత్తడం, లేదా కొత్తరేకు ముక్కను పైన కప్పి అంచులు అతకడం ఆగమం వంటి పని. రెండు రేకుల నడుమ తేమ చేరి, పాత తుప్పు కొత్తరేకును కూడా తింటుంది. తుప్పు విషయంలో ఆదేశమొక్కటే మార్గం. కుళ్లినంత మేరా కోసివేసి, గట్టి ఇనుము తగిలిన చోట ఆగి, సరిగ్గా అంతే కొలతకు కొత్తరేకు కత్తిరించి, అంచుకు అంచు చేర్చి అతకాలి. ఎంత కోయాలన్నది మన ఇష్టం కాదు, బండి చెబుతుంది. గట్టి ఇనుము దొరికేదాకా ఆగకూడదు, దొరికిన తరువాత ఒక్క అంగుళం అదనంగా కోయకూడదు.

నేను ఆ మూడు నెలలూ కుర్చీ వేసుకుని చూసిన దానిని బట్టి చెబుతున్నాను, ఇది కండబలపు పని కాదు, క్రమం తెలియవలసిన పని. గడపపట్టీ కోసేముందు తలుపు సందులో అడ్డంగా ఇనుపకడ్డీలు బిగించాడు. లేకపోతే క్యాబిను కుంగి, ఆపైన తలుపు ఎన్నటికీ సరిగా పడదట. రెండు ప్రక్కలూ ఒకేసారి కోయలేదు. ఒక ప్రక్క ముగించి, తలుపు వేసి తీసి, సందు పైనా కిందా సమానంగా ఉన్నదో లేదో చూసుకుని, అప్పుడు రెండవ ప్రక్క చేపట్టాడు. ఈ నమూనాకు కావలసిన గడపపట్టీలు, క్యాబిను మూలలు, నేలరేకులు అచ్చులో నొక్కినవి నేటికీ కొనడానికి దొరుకుతాయి. దొరికినా అవి వచ్చినవి వచ్చినట్టు అమరవు. పెట్టి చూడడం, గీత గీయడం, తీసి ఆకురాయి పట్టడం, మళ్లీ పెట్టి చూడడం. అతుకు వేసింది అరగంట, అమర్చింది రెండు ఆదివారాలు.

అతుకు వేయడంలోనూ ఒక మర్మముంది. ఈ రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. వెల్డింగు తీగను ఒక కొస నుంచి మరొక కొసకు ఏకధాటిగా నడిపిస్తే రేకు వేడికి సాగి, చల్లారి ముడుచుకుని అప్పడంలా వంకరపోతుంది. అందుచేత ఇక్కడొక చుక్క, జానెడు దూరాన మరొక చుక్క, మళ్లీ వెనక్కు వచ్చి నడుమ ఇంకొకటి. చల్లారనిచ్చి, చుక్కలన్నీ కలిసిపోయేదాకా అలాగే. తరువాత గ్రైండరుతో సమం చేయడం, ఎపాక్సీ ప్రైమరు పూయడం, సందులకు సీలెంటు, లోపలి గుల్లభాగంలో మైనం వంటి పూత. నీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు. చివర పుట్టీ కూడా వాడాడు. నేను ఆశ్చర్యపోతే, "రేకుకు బదులుగా వాడితే తప్పు నాన్నా, రేకు మీద చిన్న ఎత్తుపల్లాలు సరిచేయడానికి పలుచగా పూస్తే తప్పులేదు" అన్నాడు. ఉపమాలంకారం ఉన్న అర్థానికి శోభ తెస్తుంది గాని లేని అర్థాన్ని పుట్టించదని నేను తరగతిలో చెప్పిన మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్య దొరకదు.

కోయనక్కరలేని పైపై తుప్పుకు వాడు ఒక ద్రవం పూశాడు. ఎర్రగా ఉన్నది చూస్తుండగా నల్లబడింది. సీసా మీద టానిక్ ఆమ్లం అని ఉంది. నాకు నవ్వు వచ్చింది. కరక్కాయలోని వగరు అదే. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి మన పూర్వులు నల్లసిరా చేసుకున్నారు. ఇనుమూ వగరూ కలిస్తే నలుపు. అక్షరం రాయడానికి పనికివచ్చిన రసాయనమే అక్కడ ట్రక్కును కాపాడుతున్నది.

అయితే ఇది ఇంట్లో చేసుకోదగిన పనియేనా? చేసుకోదగినదే అని నా అభిప్రాయం, హద్దులెరిగి. ఈ పాత ట్రక్కులలో పెట్రోలు ట్యాంకు క్యాబినులోనే, సీటు వెనుకనే ఉంటుంది. దానిని తీసి దూరంగా పెట్టకుండా నిప్పురవ్వ పుట్టించరాదు. బ్యాటరీ తీగలు విప్పాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చు కనుక ఆ ధూళి పిల్లల దరికి చేరరాదు. మావాడు గీకుడు పని మొదలుపెట్టిన నాటినుంచి మనుమడికి గరాజు ప్రవేశం నిషిద్ధమైంది. బ్రేకు భాగాలు కడిగే ద్రవాలలో కొన్నింటిలో క్లోరిన్ సమ్మేళనాలుంటాయి. వాటితో తుడిచిన రేకు మీద వెల్డింగు చేస్తే ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది. రెండు పాళ్లు కలిపి చల్లే రంగుకు ముక్కుకు కట్టుకునే గుడ్డ చాలదు. ఇక చట్రానికే తుప్పు పడితే అది ఆదివారపు అభ్యాసానికి తగినది కాదు. దానిని చేయి తిరిగినవారికి అప్పగించాలి. బండి రోడ్డెక్కిన తరువాత దాని మీద ఆధారపడేది మన ప్రాణమొక్కటే కాదు.

ఇంతవరకు రాసినది పీఠిక. అసలు విషయం ఇప్పుడు చెబుతాను.

ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. చదవని పిల్లవాడిని చూసి "నీ గతి టింకరింగు షెడ్డేరా" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. వారిలో ఒకడు పదవ తరగతి తప్పి నిజంగానే మా ఊరి బస్టాండు దగ్గర షెడ్డులో చేరాడు. 1998లో నా స్కూటరు పక్కరేకు అడుగున చిల్లి పడితే వాడి దగ్గరికే తీసుకుపోయాను. వాడు గోటితో మీటి చూసి, "మాస్టారూ, ఇది పుట్టీతో ఆగదండీ. కుళ్లిన మేరకు కోసి రేకు వేస్తాను. రెండు రోజులు పడుతుంది" అన్నాడు. "అంత రాద్ధాంతం ఎందుకురా, పైకి కనబడకుండా చేసిపెట్టు, సాయంత్రానికి కావాలి" అన్నాను. గురువు మాట కాదనలేక చేసిపెట్టాడు. తరువాతి వర్షాకాలానికే అది పెచ్చులూడింది. నేనేం చేశాను? "చదువు రాని వాళ్ల పని ఇలాగే ఉంటుంది" అని ఉపాధ్యాయుల గదిలో అందరి ముందూ అన్నాను.

ఒహాయోలో ఆ ఎర్రపొడి నేలరాలినప్పుడు నాకు తోచిందిది. ఆ రోజు సత్యం చెప్పినవాడు పదవ తరగతి తప్పినవాడు. కప్పిపుచ్చమన్నవాడు భాషాప్రవీణుడు. కొడుకు అమెరికాలో సరదాకు చేస్తే నేను కుర్చీ వేసుకుని గర్వంగా చూసిన పనినే శిష్యుడు పొట్టకూటికి చేస్తే శిక్షగా చూపి తరగతిని భయపెట్టాను. పని ఒకటే, రేకు ఒకటే, సుత్తి ఒకటే.

"కొత్త బండి కొనుక్కోక ఎందుకీ శ్రమ?" అని మా ఆవిడ రోజూ అడిగింది. ఖర్చు లెక్క వేస్తే ఆమెదే న్యాయం. మావాడు పెట్టిన ఆదివారాలకు వెల కట్టితే ఆ ట్రక్కు ఎన్నటికీ గిట్టుబాటు కాదు. కాని చేయి తెలిసినవాడికి మోసం తెలుస్తుంది. ఏ పని ఎంత కాలం తీసుకోవాలో, 'సాయంత్రానికి కావాలి' అన్నప్పుడు ఎదుటివాడిని ఏం చేయమంటున్నామో తెలుస్తుంది. నేను ఒక్కసారైనా ఆకురాయి పట్టి ఉంటే ఆనాడు ఆ మాట అనేవాడిని కాను. అందుకే బడిలో పిల్లలకు వారానికి ఒక్క పూటైనా రేకో, కర్రో, తీగో చేతికివ్వాలంటాను. అందరూ పనివారు కావాలని కాదు, పనివారిని అవమానించే పంతుళ్లు కాకుండా ఉండాలని.

తిరిగివచ్చిన తరువాత ఆ షెడ్డుకు వెళ్లాను. శిష్యుడికిప్పుడు తల నెరిసింది, కింద ఇద్దరు కుర్రవాళ్లు పనిచేస్తున్నారు. మావాడి ట్రక్కు ఫోటోలు చూపించాను. కళ్లజోడు సవరించుకుని అతుకు దగ్గర చాలాసేపు చూశాడు. "బాగా కుదిరిందండీ. ఇక్కడొక్కచోట కొంచెం వేడెక్కించాడు, రేకు లాగింది" అన్నాడు. ఆ రాత్రి అదే మాట మావాడికి ఫోనులో చెబితే, "అవును నాన్నా, నాకూ తెలుసు, ఎవరూ కనిపెట్టరనుకున్నాను" అన్నాడు.

స్కూటరు సంగతి వాడి దగ్గర ఎత్తాను. "నాకు గుర్తు లేదండీ" అన్నాడు. గుర్తుందనే నా నమ్మకం. నేను చెప్పవలసిన మాట చెప్పి వచ్చాను.

సెలవు.