మంగళవారం సంగతి

మన ఇళ్ళలో మంగళవారానికి మంచి పేరు లేదు. ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు, అప్పు ఇవ్వరు, క్షవరం చేయించుకోరు. ఆ వారం పేరు పలకడమే ఇష్టంలేక "జయవారం" అనే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. యూదుల లెక్క వేరు. హీబ్రూ భాషలో వారాలకు గ్రహాల పేర్లు ఉండవు. మొదటి దినం, రెండవ దినం అంటూ అంకెలతోనే పోతారు. ఏడవదానికి మాత్రం షబ్బత్ అని పేరు పెట్టుకున్నారు. వాటిలో మూడవ దినం, అంటే మన మంగళవారం, వారికి పెళ్ళిళ్ళకు సైతం ఇష్టమైన రోజు. సృష్టిగాథలో ఆనాడు దేవుడు తన పనిని చూసుకుని బాగున్నదని రెండు మార్లు తలచాడనీ, అందుచేత ఆ దినం రెట్టింపు శుభమనీ వారి నమ్మకం.

ఈ తేడాను ముందుగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో యూదులు నడుపుకొనే సామాజిక కేంద్రాలను చూసినప్పుడల్లా, వాళ్ళ బలం పండుగలకంటే మంగళవారాలలోనే ఎక్కువగా ఉన్నదని నాకు తోస్తుంది. ఏ విశేషమూ లేని పనిరోజున తలుపు తెరిచి ఉండే ఒక ఇల్లు ఉంటే ఒక సమాజం తన పిల్లలనూ, వృద్ధులనూ కలిపి ఉంచుకోగలదు. అటువంటి ఇల్లు లేకపోతే ఎన్ని మహాసభలు జరిపినా చివరికి మిగిలేవి ఫొటోలే. ఇది నా అభిప్రాయం. కారణాలు మీ ముందు పెడతాను.

పిట్స్‌బర్గు నగరంలో స్క్విరల్ హిల్ అనే పేట ఉంది. అక్కడ ఫోర్బ్స్, మరీ వీధులు కలిసే మూలమీద జ్యూయిష్ కమ్యూనిటీ సెంటర్ భవనం. దాని గడియారం మీద అంకెలు ఉండవలసిన చోట హీబ్రూ అక్షరాలు ఉంటాయి. ఆ భాషలో అక్షరాలే అంకెలు కూడాను. ఆ ఊళ్ళో నేనున్న కొన్నేళ్ళూ నా వారంలో సగం ఆ గడియారం కిందనుంచే నడిచింది. యూదుణ్ణి కానక్కరలేదు, చందా కడితే చాలు.

పొద్దున్నే ఈతకొలను దగ్గర సందడి మొదలవుతుంది. డెబ్బయి దాటిన అవ్వలు గుండెలోతు నీళ్ళలో నిలబడి చేతులూ కాళ్ళూ ఆడిస్తూ, మధ్యమధ్యన ఎవరి మనవడికి ఏ కాలేజీలో సీటు వచ్చిందో చెప్పుకుంటూ ఉంటారు. కాసేపటికి పసిపిల్లల బడి. మధ్యాహ్నం వృద్ధులకు కోషర్ నియమం తప్పని భోజనం. మాంసమూ పాలూ కలవకూడదు, పంది మాంసమూ రొయ్యలూ కనబడకూడదు. మడి ఆచారాలు తెలిసిన మనవాళ్ళకు ఆ వంటింటి కట్టుబాట్లు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. భోజనం కాగానే బల్లలమీద మాజాంగ్ పలకలు గలగలమంటాయి. అది చైనా ఆట. 1937లో న్యూయార్కులో నేషనల్ మాజాంగ్ లీగ్ స్థాపించిన మహిళలలో ఎక్కువమంది యూదులే. అప్పటినుంచీ అది ఆ కేంద్రాల సొంత ఆట అయిపోయింది. సాయంత్రం బడి విడిచిన పిల్లలు వచ్చి బాస్కెట్‌బాల్ ఆడతారు. రాత్రికి హీబ్రూ తరగతి, పుస్తక చర్చ, వలయంగా చేయి చేయి పట్టుకుని చేసే జానపద నృత్యం. శుక్రవారం పొద్దున బడిపిల్లలు కొవ్వొత్తుల ముందు కూర్చుని పాటపాడి, జడలా అల్లిన హల్లా రొట్టె తుంచుకుని, ద్రాక్షరసం తాగుతారు. ఆ సాయంత్రం సద్దు మణుగుతుంది. షబ్బత్ వస్తోందన్నమాట.

ఇందులో మతం ఎంత? చెప్పుకోవాలంటే ఆ హల్లా రొట్టె, ఆ వంటింటి కట్టుబాటు, ఆ గడియారం, ఆ శుక్రవారపు నిశ్శబ్దం. తక్కినదంతా ఏ ఊళ్ళోనైనా ఉండే వ్యాయామశాలే. కానీ నాలుగేళ్ళ పిల్లవాడు ప్రతి శుక్రవారమూ అదే పాట పాడితే అది వాడికి పాఠంగా కాక అలవాటుగా అబ్బుతుంది. మనం ఏడాదికొకసారి ఉగాది పచ్చడి నోట్లో పెట్టి, షడ్రుచుల తాత్పర్యం చెబితే మన పిల్లలు మొహం చిట్లిస్తారు. రెండు చోట్లా పిల్లలు పిల్లలే. తేడా అంతా ఎన్నిసార్లు అన్నదానిలో ఉంది.

ఈ కేంద్రాల పుట్టుక మనలాంటి పుస్తకాల పిచ్చివాళ్ళకు నచ్చే కథ. మొట్టమొదటిది 1854లో బాల్టిమోరులో వెలిసింది. దాని పేరు హీబ్రూ యువకుల సాహితీ సంఘం! వలస వచ్చినవారికి సాయంగా ఏర్పడిన సంఘం అది. 1874లో న్యూయార్కులో పుట్టిన యువజన సంఘమే తరవాత 92వ వీధి వై అన్న పేరుతో కవితా పఠనాలకూ, సంగీతానికీ ప్రసిద్ధి కెక్కింది. తూర్పు ఐరోపానుంచి లక్షలమంది వచ్చిపడిన రోజులలో ఇటువంటి సంస్థలలో ఇంగ్లీషు నేర్పేవారు, పౌరసత్వ పరీక్షకు తయారు చేసేవారు. యూదులను అమెరికన్లుగా మార్చడం అప్పటి పని. రెండు తరాలు గడిచేసరికి పిల్లలంతా నిఖార్సయిన అమెరికన్లయి శివారు ఊళ్ళకు తరలిపోయారు. అప్పుడు అవే సంస్థలకు తలకిందులైన పని పడింది: అమెరికన్లను యూదులుగా నిలుపుకోవడం. 1948లో ఆస్కార్ జనోవ్‌స్కీ అనే చరిత్రకారుడు ఈ కేంద్రాల నన్నింటినీ పరిశీలించి ఒక నివేదిక వెలువరించాడు. యూదుతనమే ఈ కేంద్రాలకు ప్రాణం కావాలని ఆయన వాదించాడు. దానిమీద పెద్ద రభసే జరిగింది. ఆ వాదం ఇంకా ముగియలేదు. శనివారం ఈతకొలను తెరవాలా వద్దా అన్నది ఊరూరా తగవు. కొన్నిచోట్ల ఆ రోజంతా మూసే ఉంచుతారు, కొన్నిచోట్ల మధ్యాహ్నం తెరుస్తారు.

ఆ తగవు వినడం నాకు ముచ్చటగా ఉండేది. పోట్లాడుకోవడానికి ఒక తలుపు ఉన్నది కదా! తలుపే లేనివాళ్ళు దేనిగురించి పోట్లాడుకుంటారు? పదవులగురించి.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. యూదులలోనూ శాఖాభేదాలు తక్కువేమీ కావు. ఆర్థొడాక్స్, కన్సర్వేటివ్, రిఫార్మ్ అని మూడు ప్రధాన శాఖలున్నాయి; ఒకరి ప్రార్థనాలయంలో మరొకరికి మనసొప్పదు. స్త్రీపురుషులు కలిసి కూర్చోవచ్చా అన్నదానిమీదే ఏకాభిప్రాయం లేదు. మర్దెకాయ్ కాప్లాన్ అనే ఆలోచనాపరుడు యూదుమతాన్ని నమ్మకాల మూట అనుకోకుండా ఒక సమగ్ర నాగరికతగా చూడాలని 1934లో ఒక ఉద్గ్రంథం రాశాడు. ఆటా, పాటా, వంటా, భాషా అన్నీ అందులో భాగమేనన్నాడు. పూజారులు కలపలేని వాళ్ళను ఈతకొలను కలిపింది. నీళ్ళలో దిగినవాడి శాఖ ఏదో ఎవరికి తెలుస్తుంది?

ఆ తెరిచిన తలుపుకు మూల్యమూ చెల్లించారు. 2014 ఏప్రిల్‌లో కాన్సస్ రాష్ట్రంలోని ఓవర్లాండ్ పార్కులో యూదులమీద ద్వేషంతో ఒకడు అక్కడి కేంద్రం దగ్గరా, సమీపంలోని వృద్ధాశ్రమం దగ్గరా కాల్పులు జరిపి ముగ్గురిని చంపాడు. ముగ్గురిలో ఒక్కరూ యూదులు కారు, అందరూ క్రైస్తవులే. వారిలో ఒక పద్నాలుగేళ్ళ బాలుడు పాటలపోటీ ఎంపికకని తాతగారితో వచ్చాడు. యూదుల కేంద్రం ఊరందరిదీ అయిందనడానికి ఇంతకంటే విషాదకరమైన సాక్ష్యం ఉండబోదు. 2017 మొదటి నెలల్లో దేశమంతటా ఈ కేంద్రాలకు వరసగా బాంబు బెదిరింపులు వచ్చాయి. పసిపిల్లలను ఉన్నపళంగా చలిలోకి తరలించవలసి వచ్చింది. 2018 అక్టోబరు 27, శనివారం, స్క్విరల్ హిల్‌లోనే ట్రీ ఆఫ్ లైఫ్ ప్రార్థనాలయంలో పదకొండుమందిని కాల్చి చంపారు. తమవాళ్ళ కబురు తెలియని కుటుంబాలు ఆనాడు ఎక్కడ కూడి ఎదురుచూశాయనుకున్నారు? ఆ హీబ్రూ గడియారం ఉన్న భవనంలోనే. తరవాత బాధితులకు ఊరట కల్పించే సంస్థ కూడా అందులోనే వెలిసింది.

విపత్తు వచ్చిననాడు ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కాళ్ళకు ఆ దారి తెలుసు. ఎన్నో మంగళవారాలు నడిచిన దారి అది. నేను ఇంతసేపూ చెప్పబోతున్నది ఈ ఒక్క ముక్కే.

ఇక మన సంగతి. పిట్స్‌బర్గులోనే, స్క్విరల్ హిల్‌నుంచి అట్టే దూరం లేని పెన్ హిల్స్ గుట్టమీద 1976లో వెలసిన శ్రీవేంకటేశ్వరాలయం ఉంది. అమెరికాలోని తొలి హిందూ దేవాలయాలలో అదొకటి. దూరాభారాలనుంచి వచ్చి, దర్శనం చేసుకుని, పులిహోర తిని, కారెక్కి వెళ్ళిపోతాం. 1977లో న్యూయార్కులో తొలి తెలుగు మహాసభ జరిగింది. అప్పటినుంచి సంఘాలు పెరిగాయి, చీలాయి, మళ్ళీ పెరిగాయి. రెండేళ్ళకొకసారి వేలమంది చేరి, సినిమా తారలను చూసి, బఫే వరసలో నిలబడి, ఊళ్ళకు పోతాం. 2007లో సిలికానాంధ్ర ప్రారంభించిన మనబడి వంటివి వారం వారం పిల్లలకు తెలుగు నేర్పడం మొదలుపెట్టాయి. ఇదొక్కటీ సరైన దారి. అయితే చాలాచోట్ల ఆ తరగతులు అడిగి పుచ్చుకున్న గదులలోనే జరుగుతాయి. పాఠం కాగానే బల్లలు సర్ది, దీపాలు ఆర్పి, తాళం తిరిగి ఇచ్చేయాలి. ఆరిన దీపాలకింద ఏ అలవాటు పెరుగుతుంది?

పిల్లలకంటే ఎక్కువగా నన్ను కలతపెట్టేది మన అమ్మానాన్నల వారం. ఆరు నెలల వీసామీద వస్తారు. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవలు బడికి. కారు నడపలేరు, బయట మంచు. సోమవారంనుంచి శుక్రవారందాకా గోడలతో కాపురం. మా అమ్మ వచ్చినప్పుడు కొన్నాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని వీధిలో వెళ్ళే కార్లు లెక్కపెట్టింది. ఆ తరవాత ఆమెను ఆ కేంద్రంలో వృద్ధుల గదికి తీసుకువెళ్ళాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు, వాళ్ళకు తెలుగు రాదు. మాజాంగ్ బల్లదగ్గర ఒకావిడ కుర్చీ జరిపి, పక్కన కూర్చోబెట్టుకుని, పలకలు చూపించి వేళ్ళతో లెక్క చెప్పింది. మూడో వారానికి అమ్మ "ఇది మన అష్టాచెమ్మాకంటే కాస్త కష్టం, అంతేరా" అన్నది. వెళ్ళిపోయేముందు వాళ్ళకోసం మినపసున్నుండలు చేస్తానన్నది. వాళ్ళ వంటింటి నియమం ప్రకారం బయట వండినది లోపలికి రాకూడదు. ఆ మాట చెబితే ఆవిడ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "మడి అంటే మడే" అన్నది.

నాకు సంతోషమూ కలిగింది, సిగ్గూ వేసింది. మన ముసలమ్మకు పనిరోజున కుర్చీ జరిపినవాళ్ళు యూదులు. మనవాళ్ళ సంఘాలు మాతృదినోత్సవంనాడు శాలువా కప్పుతాయి.

మనకు ఇది తెలియని విద్యేమీ కాదు. ఊళ్ళో రచ్చబండకు ముహూర్తం ఎవరు పెట్టారు? 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. ఇవి ఉత్సవాలు కావు. రోజూ తలుపు తీసి, పత్రికలు పరిచి, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టిన ఇళ్ళు. అదే ఏడాది న్యూయార్కులో కాప్లాన్ తన తొలి కేంద్రాన్ని ప్రార్థనాలయమూ, ఈతకొలనూ, వ్యాయామశాలా, గ్రంథాలయమూ ఒకే కప్పుకింద ఉండేట్లు కట్టించాడు. వేటపాలెమూ, మన్‌హాటనూ ఒకే ఏట ఒకే ఆలోచన చేశాయి. సముద్రాలు దాటేటప్పుడు మనం దేవుణ్ణి వెంట తెచ్చుకున్నాం, రచ్చబండను మరిచి వచ్చాం.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. యూదులకు చందాలు చాలక ఏటా దాతలమీద ఆధారపడతారు. 2020లో కరోనా వచ్చి తలుపులు మూసినప్పుడు ఎన్నో కేంద్రాలు సిబ్బందిని తగ్గించుకోవలసి వచ్చింది. సులువని నేననను. కానీ రాజగోపురాలకూ, తారల విమాన టిక్కెట్లకూ మనకు డబ్బు దొరుకుతున్నదే! మనలో ఐకమత్యం ఎక్కడిదని కూడా అడుగుతారు. కులమూ, ప్రాంతమూ, పార్టీ మనవెంట వచ్చిన మాట నిజమే. అందుకే వేదికలులేని చోటు కావాలంటున్నాను. వేదిక ఉన్నచోట ఎవరు ముందు కూర్చోవాలన్న తగవు వస్తుంది. చదరంగం బల్లకు ఇద్దరే కావాలి, ఇద్దరూ ఎదురెదురే కూర్చుంటారు. ఇక మనవాళ్ళ చేత కాదనేవారికి ఒక ఉదాహరణ: కాలిఫోర్నియాలోని మిల్పిటస్‌లో 2003లో కొందరు భారతీయులు యూదుల కేంద్రాలను చూసి స్ఫూర్తిపొంది ఇండియా కమ్యూనిటీ సెంటర్ తెరిచారు. అక్కడ టేబుల్ టెన్నిస్ నేర్చిన చైనా సంతతి అమ్మాయిలు అమెరికా తరఫున ఒలింపిక్స్ ఆడారు. తెరిచిన తలుపుగుండా ఎవరు వస్తారో ముందుగా చెప్పలేం, అదే దాని అందం.

అందుచేత నా కోరిక చిన్నది. ఈతకొలను వద్దు, భవనం వద్దు. తెలుగువాళ్ళు దండిగా ఉన్న ఏ ఊళ్ళోనైనా ఒక్క గది, వారానికి ఒక్క పనిరోజు. పదింటికి తలుపు తీయాలి. కాఫీ, పులిహోర, నాలుగు పత్రికలు, ఒక అష్టాచెమ్మా పట్టం, అమ్మానాన్నలను ఇళ్ళనుంచి తీసుకువచ్చే ఇద్దరు మనుషులు. ఉపన్యాసం వద్దు, శాలువా వద్దు. ఒక ఏడాది విడవకుండా నడిపితే తక్కినవి వాటంతటవే వస్తాయి. ఏ రోజు బాగుంటుందో మీరే చెప్పండి. నన్నడిగితే మంగళవారమే పెట్టుకుందాం. ఆ రోజు మనవాళ్ళెవరూ వేరే శుభకార్యాలు పెట్టుకోరు కనుక అందరికీ తీరిక ఉంటుంది.